ఆరోగ్యవంతుల వరస

ఆదివారం పొద్దున ఇంట్లో అందరూ ఇంకా పక్కల మీద ఉండగానే ఆమె బాత్‌రూములోకి వెళ్లి, గడియ పెట్టుకుని, కొళాయి తిప్పుతుంది. స్నానానికి కాదు. మాత్రల రేకుల్ని నొక్కితే చిటపటమని చప్పుడొస్తుంది, అది నీళ్ల చప్పుడులో కలిసిపోవాలి. ఒక్కో మాత్రా తీసి విటమిన్ల సీసాలో వేస్తుంది. సీసా మీద ఒక నారింజపండు, దాని పక్కన పళ్లికిలించి నవ్వుతున్న ఓ కుటుంబం. ఖాళీ రేకుల్ని కాగితంలో చుట్టి హ్యాండ్‌బ్యాగు అడుగున దాచి, మర్నాడు ఆఫీసు దగ్గర చెత్తడబ్బాలో పడేస్తుంది. దొంగతనం చేసేవాళ్లు కూడా ఇంత జాగ్రత్త పడరేమో. ఒకసారి పెదమామగారు చుట్టపుచూపుగా వచ్చి, "ఒంట్లో నీరసంగా ఉందమ్మా, ఆ విటమిన్ ఒకటి ఇలా పడెయ్" అని చెయ్యి చాపితే, అత్తగారు వంటింట్లోంచి పరుగున వచ్చి "అవి ఆడవాళ్లవి బావగారూ" అంటూ సీసా లాక్కున్నారు. మోకాళ్లు పట్టేశాయని మంచినీళ్లకి కూడా లేవని మనిషి, ఆ పూట ఆ పరుగు ఎక్కణ్ణించి తెచ్చుకున్నారో.

అవి రొమ్ము క్యాన్సర్ మళ్లీ తిరగబెట్టకుండా వేసుకునే మాత్రలు. కుడివైపు గడ్డ తీసేశారు, దాంతోపాటు చంకలో గ్రంథులు కూడా తీశారు, ఆ తర్వాత సెలైన్లో మందులెక్కించారు. జుట్టంతా ఊడిపోయి మళ్లీ మొలిచేదాకా ఆమె అమ్మగారింట్లో ఉంది. ఇక్కడ అడిగినవాళ్లందరికీ "ట్రైనింగ్ మీద వెళ్లింది" అని చెప్పారు. అప్పుడు ఆడపడుచుకి సంబంధాలు చూస్తున్నారు. "ఇంటి గుట్టు లంకకు చేటు. వదినకి అదట అని తెలిస్తే మన గుమ్మం ఎక్కుతారా ఎవరైనా?" అన్నారు అత్తగారు. వదిన ఒంట్లో జబ్బు ఆడపడుచు ఒంట్లోకి ఏ దారిన పోతుందో, ఎంత చదువుకున్నా ఆమెకి అంతుపట్టలేదు. సరే, ఆడపడుచు పెళ్లయింది. ఇకనైనా ఊపిరి పీల్చుకోవచ్చనుకుంది. "ఇప్పుడు మన అమ్మాయి ఎదుగుతోంది కదే" అన్నారు అత్తగారు. దాంతో కూతురికి కూడా అమ్మ రోజూ వేసుకునేవి విటమిన్లే అయ్యాయి.

ఆ ఇంట్లో ఆ జబ్బుకి పేరు లేదు. 'అది' అంటారు. 'అప్పుడు అది అయినప్పుడు' అంటారు. భర్త అయితే ఆ మాట కూడా అనడు, చేత్తో గాల్లో ఏదో తుడిచేసినట్టు చేస్తాడు. మొదట్లో చెకప్‌లకి తనే తీసుకెళ్లేవాడు. "వెళ్లొచ్చిన ప్రతిసారీ రెండ్రోజులు మొహం వేలాడేసుకుంటావు. ఇంట్లో అందరికీ నరకం. బాగానే ఉన్నావుగా? ఏదైనా ఉంటే వెళ్దాంలే" అన్నాడు ఓ రోజు. ఏదైనా ఉందో లేదో చూసుకోవడానికేగా వెళ్లేది, అనుకుంది ఆమె. అనుకుందే కానీ అనలేదు. ఒక చెకప్ తప్పింది, రెండోది తప్పింది, తర్వాత తప్పడమే అలవాటయింది. మందులు మాత్రం పాత చీటీ మీదే తెచ్చుకుంటోంది.

ఇంతకీ ఆమె చేసే పనేమిటంటే, క్యాన్సర్ మీదే. జబ్బు తగ్గాక కావాలనే వెతుక్కుని ఆ ల్యాబ్‌లో చేరింది. "దేశంలో ఇంకే పనీ దొరకలేదా నీకు?" అన్నాడు భర్త. తనని చంపబోయినదేదో దాని మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించిందని అతనికి ఎలా చెప్పడం?

గడ్డ పుట్టినచోటే ఉన్నంతకాలం కోసి అవతల పారేయొచ్చు. అక్కణ్ణించి ఓ కణం కదిలి, రక్తంలో పడి, ఎముకలోనో కాలేయంలోనో కాపురం పెట్టిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. కణం కదలాలంటే లోపలి నుంచి దానికి ఆజ్ఞలు రావాలి: పక్కవాళ్ల చెయ్యి వదులు, కాలు తియ్యి, నడు అని. ఆ ఆజ్ఞలు నకళ్లుగా బయల్దేరతాయి. వాటిని మధ్యలోనే పట్టుకుని నోరు మూసేసే చిన్న చిన్న పోగులుంటాయి, వాటినే మైక్రో ఆర్ఎన్ఏలంటారు. వాటంతట అవి ఏమీ తయారుచెయ్యవు. వాటి పనల్లా ఇంకొకరి మాట సాగనివ్వకపోవడమే. అందులో ఒకటి, కణాన్ని కదలమనే ఆజ్ఞల్ని తొక్కిపెట్టేది, ఈ ల్యాబ్ వాళ్లు పట్టుకు వేలాడుతున్న పోగు. అది దండిగా ఉన్నంతసేపు కణం ఉన్నచోటే ఉంటుంది. అది తగ్గితే కాలు బయట పెడుతుంది. దానికి అంకెలతో ఓ పెద్ద పేరుంది, ఎవరికీ నోరు తిరగదు. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న ఒక పిల్ల ఉంది, అందరూ వాగుడుకాయ అంటారు. "గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుని ఎవర్నీ గడప దాటనివ్వదు కదా మేడమ్, అత్తగారని పెడదాం" అంది ఆ పిల్ల. ప్రొఫెసర్ కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి ల్యాబ్‌లో "అత్తగారెలా ఉన్నారు?" అంటే "పేషంట్లలో బాగా తగ్గారు సార్" అని జవాబు. ఇంట్లో ఒక అత్తగారు, ల్యాబ్‌లో ఒక అత్తగారు, నా బతుక్కి కాపలాకి కరువు లేదు, అని ఆమె కూడా నవ్వింది.

వాళ్లు చూస్తున్నదేమిటంటే, ల్యాబ్ అత్తగారు రక్తంలో తగ్గడాన్ని కొలిచి, జబ్బు పాకడం మొదలైందని ముందే పసిగట్టవచ్చా అని. పేషంట్ల రక్తం రోడ్డుకవతలున్న ఆసుపత్రి నుంచి వస్తుంది. పోల్చి చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం కూడా కావాలి. జబ్బు లేనివాడు ఊరికే వచ్చి ఎందుకిస్తాడు? అందుకని తక్కువైనప్పుడల్లా ల్యాబ్‌లో వాళ్లే చొక్కాచేతులు మడుచుకుని కూర్చుంటారు. అది అక్కడి ఆనవాయితీ. ఆ రోజు వాగుడుకాయ సూది పట్టుకుని, అడగాల్సినవన్నీ అందరి ముందూ గొంతెత్తి అడుగుతోంది.

"మేడమ్, పెద్ద జబ్బులేమైనా?"

"ఉంటే నీ వాగుడు భరిస్తూ ఇలా కూర్చుంటానా?"

అందరూ గొల్లుమన్నారు. ఆ పిల్ల కుడిచేతికి పట్టీ కట్టబోతే, ఆమె చటుక్కున ఎడమచెయ్యి చాపింది. "ఆ చేతికి నరం దొరకదే" అంది. చంకలో గ్రంథులు తీసేసిన వైపు సూది గుచ్చనివ్వొద్దని డాక్టరు చెప్పిన మాట అది, నోట్లోంచి మాత్రం అబద్ధమై వచ్చింది. రక్తం గొట్టంలోకెక్కింది, ఆమె చూస్తుండగానే గొట్టానికి ఒక అంకె అంటుకుంది, పేరు లేదు. అది వెళ్లి ఆరోగ్యవంతుల వరసలో నిలబడింది. మెట్లు దిగుతుంటే గానీ తనేం చేసిందో ఆమెకి తట్టలేదు. వెనక్కెళ్లి చెప్పొచ్చు. చెప్పలేదు. ఏళ్ల తరబడి సాధన చేసిన నాలుక మరి. అదీగాక, నిజం చెప్పాలంటే, ఆ వరసలో ఉండటం ఆమెకి బాగుంది. బాగైపోయాను కదా, నేనూ అందరిలాంటిదాన్నే కదా అనుకుని, ఆ సాయంత్రం దారంతా ఏదో పాట కూనిరాగం తీసింది.

ఫలితం వచ్చిన రోజు మెషిన్ ముందు ఆమె ఒక్కతే ఉంది. వెతుకుతున్న పోగు రక్తంలో ఎంత ఎక్కువుంటే తెరమీద గీత అంత తొందరగా పైకి లేస్తుంది. ఆరోగ్యవంతుల గీతలన్నీ ఒక్కసారే లేచాయి. ఒక్కటి మాత్రం లేవలేదు. అది అలా కింద పాకి పాకి, జబ్బు ఎముకలకి పాకిన పేషంట్ల గీతలు లేచే చోట, వాటితో కలిసి లేచింది. ఎవరిదబ్బా అనుకుంటూ అంకె చూసింది. తనదే.

ముందు తుంటి గుర్తొచ్చింది. కొంతకాలంగా కుడి తుంటెముక లోతుగా, సన్నగా సలుపుతోంది. "రోజంతా స్టూలెక్కి కూర్చుంటే పట్టదా మరి?" అన్నాడు భర్త. "నాకు లేవూ మోకాళ్లు? నేనెవరికైనా చెప్పుకుంటున్నానా?" అన్నారు, పొద్దున లేచింది మొదలు ఆ మోకాళ్ల మాటే చెప్పే అత్తగారు. స్టూలే కారణమనుకుని తను కూడా ఓ దిండు తెచ్చుకుని వేసుకుంది. ఇప్పుడు ఆ దిండు మీదే కూర్చుని, వేలితో ఎముకని నొక్కి చూసుకుంటూ, నొప్పి ఇక్కడేనా, నిన్నటికన్నా ఎక్కువుందా, లేక భయానికి పుట్టిన నొప్పా అని వెతుక్కుంటోంది.

తప్పించుకునే దారి ఒకటుంది. సూది సరిగ్గా పడకపోతే ఎర్రకణాలు పగిలి, పైకి తేరే ద్రవం గులాబీ రంగుకి తిరుగుతుంది, అప్పుడు కొలతలు నమ్మడానికి వీల్లేదు. తన రక్తంలో మిగిలిన భాగాన్ని ఫ్రీజర్లోంచి తీసి, కరిగాక దీపానికి ఎదురుగా పట్టుకుంది. గులాబీగా ఉండు తల్లీ, కాస్తంత ఎర్రగా ఉండు అని వేడుకుంది. శాంపిల్ పాడైపోవాలని మొక్కుకున్న మనిషి ఆ ల్యాబ్‌లో ఇంకొకరుండరు. తేరిన నూనెలాగా పసుపుపచ్చగా, స్వచ్ఛంగా ఉంది. మర్నాడు మళ్లీ మొదట్నుంచీ చేసింది, పనిలో పనిగా పక్కవాళ్లవి కూడా. మిగతావన్నీ మామూలే. తనది మళ్లీ అక్కడే లేచింది.

ఇది పరీక్ష కాదు, ఇంకా పరిశోధనే. ఒక్కరి ఒక్క గీత చూసి ఏమీ చెప్పకూడదు. ఈ ముక్క కొత్తగా చేరినవాళ్లకి ఆమే పాఠంలా చెబుతుంది. ఆ పాఠం ఇప్పుడు తనకి తను చెప్పుకుంటే ఒంటికి పట్టట్లేదు. బస్సులో ఒకావిడ దగ్గితే ఉలిక్కిపడింది. మెట్లెక్కుతుంటే ఆయాసం మెట్ల వల్లా, ఊపిరితిత్తుల వల్లా అని ఆగి ఆలోచించింది. ఇంటి తాళంచెవి తిప్పుతూ, అమ్మాయికి ఇంకా జడ అల్లుకోవడం కూడా సరిగ్గా రాదే అనుకుంది.

సాయంత్రం కూరలు తరుగుతూ భర్తని వంటింట్లోకి పిలిచింది. అతను ఫోన్ చూసుకుంటూనే వచ్చాడు.

"ఏవండీ, ఒకసారి స్కాన్ చేయించుకుంటానండీ."

"దేనికి?"

"తుంటి నొప్పి తగ్గట్లేదు. ల్యాబ్‌లో నా రక్తం చూశాం. అందులో తేడా ఉంది."

అతను ఫోన్ మీంచి తలెత్తాడు. ముందు చూసింది ఆమె మొహంలోకి కాదు, హాల్లోకి. అక్కడ అత్తగారు టీవీ ముందున్నారు. "నెమ్మదిగా" అన్నాడు. "మీదింకా రీసెర్చేగా? అది టెస్టు కాదని నువ్వే చెప్పావు కదా?"

"చెప్పాను."

"మరింకేం? లేనిపోనివి ఊహించుకోకు. వచ్చేవారం చెల్లీ, బావా వస్తున్నారు. వాళ్లు వెళ్లాక చూద్దాం."

ఆరిపోయిన ఫోన్ తెరనే అతను వేలితో తోస్తూ ఉండటం ఆమె చూసింది. చెడ్డవాడు కాదు, భయపడుతున్నాడు. ఆమె కన్నా ఎక్కువే భయపడుతున్నాడేమో. అయితే అతని భయానికి కూడా ఆమే అన్నం వండిపెట్టాలి, అదీ సంగతి. అతను భయపడకుండా ఉండాలంటే ఆమెకి నొప్పి ఉండకూడదు. అత్తగారి మాట నిలబడాలంటే ఆమెకి జబ్బు వచ్చి ఉండకూడదు. ఒంట్లో ఆ పోగు ఆజ్ఞల నోరు నొక్కితే కణం కదలకుండా ఉంటుంది, మనిషి బతుకుతుంది. ఇంట్లో నోరు నొక్కితే ఏమవుతోందో చెకప్‌లు తప్పినప్పట్నుంచీ కనిపిస్తూనే ఉంది. తరిగిన ఉల్లిపాయలు బాణలిలో వేసి, ఏడుపొచ్చినా ఎవరూ అడగరు కదా అని వాటి మీదకి వంగి కాసేపు ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్ మీటింగు. బయటినుంచి ఇద్దరు పెద్దలొస్తున్నారు. గదిలో ఆమెతో సమానమైన వాళ్లు మగవాళ్లు నలుగురున్నారు. "కాఫీలు చెప్పావా అమ్మా?" అని ప్రొఫెసర్ ఆమెనే అడిగాడు. చెప్పింది. పెద్దలు రావడానికి ఇంకా టైముందని, తెరమీద బొమ్మ వేసి చూపించడం మొదలెట్టాడు. ఒకపక్క పేషంట్ల చుక్కలన్నీ కిందా, ఇంకోపక్క ఆరోగ్యవంతుల చుక్కలన్నీ పైనా, తీర్చినట్టున్నాయి. ఆరోగ్యవంతుల వైపు ఒకే ఒక్క చుక్క అడుగున, ఎవరో పిలవకుండా వచ్చినట్టు ఉంది.

"ఇదొక్కటీ మన పరువు తీస్తోంది" అన్నాడు ప్రొఫెసర్. "శాంపిల్ పాడయ్యుంటుంది. తీసేద్దాం."

"పాడవలేదు సార్. శుభ్రంగా ఉంది. మేడమ్ రెండోసారి కూడా చేశారు, అయినా అంతే" అంది వాగుడుకాయ.

"హెల్దీ మనిషికి అంత తక్కువ ఎలా ఉంటుందమ్మా? ఏదో తప్పు జరిగింది. తీసేస్తే బొమ్మ ఎంత శుభ్రంగా ఉంటుందో చూడు." అంటూ అతను వేలితో మీట నొక్కాడు. చుక్క మాయమైంది.

ఆమె ఆ ఖాళీ చోటు వంక చూసింది. మాట్లాడకుండా కూర్చుంటే చాలు. ఆరోగ్యవంతుల్లోనూ ఉండదు, జబ్బు మనుషుల్లోనూ ఉండదు. ఆ రక్తం ఎవరూ ఇవ్వలేదన్నట్టే. బొమ్మ బాగుంటుంది, ఇల్లు బాగుంటుంది, వచ్చేవారం ఆడపడుచు వస్తే వంట కూడా బాగుంటుంది. ఆ తర్వాత ఏదో ఒకరోజు తుంటెముక పుటుక్కుమంటుంది. ఆ చప్పుడు ఆమెకి చెవిలో విన్నంత స్పష్టంగా వినిపించింది. నోరు తెరవాలంటే కూడా అంతే భయమేసింది. రెండు భయాల్లో ఏది పెద్దదో తేల్చుకోవడానికి ఇంక వ్యవధి లేదు.

"తీసేయకండి సార్" అంది.

"ఏం?"

"మీరన్నది నిజమే. హెల్దీ మనిషికి అంత తక్కువ ఉండదు. శాంపిల్‌లో తప్పు లేదు. నేను ఇచ్చిన జవాబులోనే తప్పుంది. అది నా రక్తం. నాకు ఇక్కడికి రాకముందే ఆపరేషన్ అయింది. ఎవరికీ చెప్పలేదు. ఆ చుక్కని పేషంట్ల వైపు పెట్టండి."

ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. కోపం మొహందాకా వచ్చింది, ఏమనుకున్నాడో అక్కడే ఆగింది. "దీన్ని బట్టి భయపడకమ్మా. ఇది టెస్టు కాదు" అన్నాడు.

"తెలుసు సార్. అందుకే టెస్టుకి వెళ్తున్నా, ఇప్పుడే. కాఫీలొస్తే మీరు చూసుకోండి."

వాగుడుకాయ మొహం పాలిపోయింది. "ఆ రోజు కుడిచెయ్యి..." అని సగంలో ఆగిపోయి, బ్యాగు తగిలించుకుంది. "నేనూ వస్తాను మేడమ్."

"దార్లో మాట్లాడకూడదు మరి."

"ఒక్క మాట మాట్లాడను" అంది ఆ పిల్ల. రోడ్డు దాటి, ఆసుపత్రి మెట్లెక్కి, క్యాన్సర్ విభాగం హాల్లో బెంచీ మీద కూర్చునేదాకా నిజంగానే మాట్లాడలేదు. చెయ్యి మాత్రం పట్టుకునే ఉంది.

తన వైద్యమంతా వేరే ఆసుపత్రిలో జరిగింది, ఈ హాలు ఇన్నాళ్లూ ఆమెకి మూతలు బిగించిన గొట్టాలుగానే తెలుసు. ఇప్పుడు మనుషులు కనిపించారు. తలకి గుడ్డలు కట్టుకున్నవాళ్లు, వాళ్ల పక్కన సంచులు పట్టుకుని కూర్చున్నవాళ్లు. భర్తకి ఫోన్ చేసి, ఎక్కడున్నదీ, ఎందుకున్నదీ చెప్పింది.

"ఎవరికి చెప్పావు?" అన్నాడు.

ఎలా ఉన్నావంటాడేమో అని ఎదురుచూసిన చెవి అది. ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ల్యాబ్‌లో అందరికీ."

"అమ్మకి ఏం చెప్పమంటావు?"

"మీరేం చెప్పక్కర్లేదు. రాత్రికి నేనే చెప్తాను, అమ్మాయిని కూడా కూర్చోబెట్టి. దానికీ తెలియాలి." ఆ వెంటనే, "రాగలిగితే రండి" అని పెట్టేసింది.

పిలుపొచ్చింది. కిటికీ వెనక నర్సు తలవంచుకుని వివరాలు రాసుకుంటోంది. "ఏం మందులు వాడుతున్నారు?" అంది. పొద్దున ఎందుకైనా మంచిదని బ్యాగులో వేసుకొచ్చిన సీసాని ఆమె తీసి ముందు పెట్టింది. నర్సు నారింజపండు బొమ్మ చూసి, "విటమిన్లేనా?" అంది.

వెనక హాలు నిండా జనం. ఎవరైనా తెలిసినవాళ్లుండొచ్చు, ఆడపడుచు అత్తవారి తాలూకు వాళ్లయినా ఉండొచ్చు. 'అవునండీ' అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. ఆమె గోరుతో సీసా మీది కాగితం అంచు గీకింది. ఒక మూల లేచింది. పట్టుకుని లాగితే నారింజపండు ఊడి వచ్చింది, నవ్వే కుటుంబం సగానికి చిరిగింది.

"కాదండీ" అంది. ఆ తర్వాత చెప్పాల్సింది ల్యాబ్‌లో రోజుకి వందసార్లు అనే మాటే, దాని ముందు 'నాకు' అని మాత్రం ఎన్నడూ అనలేదు. "నాకు క్యాన్సర్. ఇవి దాని మందులు."

చివరి బెంచీ దాకా వినిపించింది. నర్సు తల కూడా ఎత్తలేదు. "ఎప్పట్నుంచి?" అంది, కాగితం తిప్పుతూ. "మొదట్నుంచీ చెప్పండి, రాసుకుంటాను."